పైన్‌వుడ్‌లో వెలసిన హిమాలయం

కొండ అంచున ఒక గంట. తెల్లటి దుస్తుల్లో ఉన్న క్రైస్తవ సన్యాసిని ఒకామె తాడు పట్టుకుని దాన్ని మోగిస్తూ ఉంటుంది. కెమెరా పైనుంచి కిందికి చూస్తుంది. ఆమె పాదాల దగ్గరే నేల అయిపోతుంది, ఆ తర్వాత అంతా లోయే. చూసేవాళ్ళకి అరికాళ్ళు జివ్వుమంటాయి. 1947 మే నెలలో బ్రిటన్‌లో విడుదలైన 'బ్లాక్ నార్సిసస్' సినిమాలోది ఈ షాట్. హిమాలయాల్లో మోపు అనే కల్పిత ప్రదేశం, అక్కడ ఒక రాజుగారి పాత భవనం. దాన్ని బడిగా, ఆసుపత్రిగా మార్చడానికి వచ్చిన సన్యాసినుల మనసులే అదుపు తప్పడం కథ. ఈ సినిమా షూటింగ్ కోసం ఇండియాకి ఎవరూ రాలేదు. లోయ అద్దం మీద వేసిన బొమ్మ. వెనకాల కనిపించే మంచుకొండలు కొన్నిచోట్ల నలుపు తెలుపు ఫొటోలను గోడంత పెద్దవి చేసి, రంగు సుద్దలతో దిద్దిన తెరలు. గంట, గోడ, వరండా అన్నీ లండన్ దగ్గరి పైన్‌వుడ్ స్టూడియోలో వేసిన సెట్లు. తోట కావలసి వచ్చినప్పుడు మాత్రం సస్సెక్స్‌లోని లియొనార్డ్స్‌లీ అనే ఉద్యానవనానికి వెళ్ళారు.

అద్దం మీది బొమ్మ, సుద్ద రంగులు, ప్లాస్టర్ గోడలు దేనికది విడిగా చూస్తే దొంగ సరుకే. వాటన్నిటినీ ఒకే చోటని నమ్మించింది వాటిమీద పడిన వెలుగు. ఆ వెలుగు వేసిన కెమెరామన్ జాక్ కార్డిఫ్. అప్పటికి అతనికి 32 ఏళ్ళు. ఆ పనికి ఆస్కార్ వచ్చింది.

కార్డిఫ్ జీవితం సినిమా వయసుతో దాదాపు సమానంగా నడిచింది. 1914 సెప్టెంబర్ 18న నార్ఫోక్‌లోని గ్రేట్ యార్మత్‌లో పుట్టాడు. నాలుగేళ్ళ వయసులో మూకీ సినిమాలో బాలనటుడు. తొంభై దాటాక కూడా కెమెరా గురించి మాట్లాడుతూనే ఉన్నాడు. 2009 ఏప్రిల్ 22న 94 ఏళ్ళ వయసులో పోయాడు. ఇంత పొడుగు ప్రయాణం గురించి రాసేవాళ్ళు సాధారణంగా సినిమాల జాబితా ఇచ్చి, కలిసి పనిచేసిన తారల పేర్లు చెప్పి ఊరుకుంటారు. జాబితా పెద్దదే. కానీ సినిమా చరిత్రలో అతని స్థానాన్ని నిలబెట్టినవి 1946, 1947, 1948లో వరసగా వచ్చిన మూడు సినిమాలు. మిగతా యాభై ఏళ్ళూ ఆ మూడింటి నీడలో గడిచాయి. ఆ మూడూ ఎలా సాధ్యమయ్యాయి, ఆ తర్వాత అలాంటివి ఎందుకు రాలేదు అన్నదే అసలు ఆసక్తికరమైన సంగతి.

కార్డిఫ్ అమ్మానాన్నలు మ్యూజిక్ హాల్ కళాకారులు. మన దగ్గర సురభి కుటుంబాలు మకాం మార్చినట్టే వాళ్ళూ ఊరూరా తిరిగేవారు. అందుకే అతనికి ఏ బడిలోనూ కుదురుగా చదువు సాగలేదు. ఆ లోటును పూడ్చింది ఆర్ట్ గ్యాలరీలు. చిత్రపటాలను చూడటం, ఒక ముఖం మీద వెలుగు ఎటునుంచి పడుతోందో, నీడ ఎక్కడ మొదలవుతోందో గమనించడం చిన్నప్పటి నుంచే అలవాటైంది. 1920ల చివర్లో స్టూడియోలో చేరినప్పుడు చేసినవన్నీ చిల్లర పనులే: అందరికీ కావలసినవి తెచ్చిపెట్టడం, క్లాప్ కొట్టడం, కెమెరాలో ఫిల్మ్ ఎక్కించడం. 1930ల మధ్యకి కెమెరా ఆపరేటర్ అయ్యాడు, అంటే కెమెరామన్ వెలుగు చూసుకుంటే కెమెరాను నడిపేవాడు. అలెగ్జాండర్ కోర్డా కట్టిన డెన్‌హామ్ స్టూడియోలో పని. మార్లిన్ డీట్రిచ్ నటించిన 'నైట్ వితౌట్ ఆర్మర్'కి ఆపరేటర్ అతనే. తన ముఖానికి లైటు ఎక్కడుంటే బాగుంటుందో కెమెరామన్ కంటే ఆమెకే బాగా తెలుసని తర్వాత చెప్పుకునేవాడు.

1936లో అమెరికా నుంచి, రంగుల్లో సినిమా తీసే పద్ధతి ఉన్న టెక్నికలర్ కంపెనీవాళ్ళు వచ్చారు. బ్రిటన్‌లో తమ పద్ధతి నేర్పడానికి ఒక కెమెరా ఆపరేటర్‌ని ఎంచుకోవాలి. ఇంటర్వ్యూకి వెళ్ళిన వాళ్ళంతా లెక్కలు, ఆప్టిక్స్ ప్రశ్నలకు తడబడి బయటికి వస్తున్నారు. కార్డిఫ్ చెప్పుకున్న కథ ప్రకారం, అతను లోపలికి వెళ్ళి తనకు సాంకేతిక విషయాలు పెద్దగా తెలియవని ముందే ఒప్పేసుకున్నాడు. మరి నీకు ఏం తెలుసని అడిగితే, చిత్రకారులు వెలుగును ఎలా వాడారో తెలుసన్నాడు. రెంబ్రాంట్ బొమ్మల్లో వెలుగు ముఖానికి ఏ వైపు నుంచి పడుతుందన్న ప్రశ్న వచ్చింది. జవాబు చెప్పాడు. మర్నాడు ఉద్యోగం వచ్చింది. కథ మరీ చక్కగా కుదిరినట్టు అనిపిస్తుంది నిజమే, సినిమావాళ్ళ జ్ఞాపకాలు ఎప్పుడూ కాస్త ఎడిటింగ్ అయ్యే బయటికి వస్తాయి. కానీ ఎంపికైంది మాత్రం అతనే. తర్వాత చేసిన పని చూస్తే కథ అబద్ధం అనిపించదు.

ఆ కెమెరా సంగతి తెలియకపోతే కార్డిఫ్ చేసినదేమిటో అర్థం కాదు. ఇప్పుడు రంగులంటే ఫోన్‌లో కూడా వచ్చే మామూలు వ్యవహారం. టెక్నికలర్ మూడు రీళ్ళ కెమెరా అప్పట్లో బీరువాలా ఉండేది. లెన్స్ వెనకాల ఒక పట్టకం ఉంటుంది. లోపలికి వచ్చిన వెలుగును అది రెండుగా చీలుస్తుంది. ఒక పాయ నేరుగా వెళ్ళి ఆకుపచ్చను నమోదు చేసే ఫిల్మ్ మీద పడుతుంది. రెండో పాయ పక్కకి తిరిగి, ఒకదానికొకటి అంటుకుని నడిచే రెండు ఫిల్ముల మీద పడుతుంది. ముందున్నది నీలాన్ని పట్టుకుంటుంది, వెనకున్నది ఎరుపును. అంటే ఒకే దృశ్యానికి మూడు నెగటివ్‌లు, మూడూ నలుపు తెలుపువే. రంగు అన్నది ల్యాబ్‌లో, అచ్చు యంత్రం మీద పుడుతుంది. మూడు నెగటివ్‌ల నుంచి మూడు అచ్చులు చేసి, పసుపు, మెజెంటా, సయాన్ అద్దకాలను ఖాళీ ఫిల్మ్ మీద ఒకదానిపై ఒకటి ఒత్తుతారు. కలంకారీలో ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు దిమ్మ ఉన్నట్టే.

ఇలా చీల్చేసరికి ఒక్కో ఫిల్మ్‌కి చేరే వెలుగు చాలా తక్కువ. అందువల్ల సెట్ మీద విపరీతమైన లైట్లు కావాలి. కార్బన్ ఆర్క్ దీపాల వేడికి నటుల మేకప్ కారిపోయేది. కెమెరా శబ్దం వినపడకుండా దానికి తొడిగే పెట్టె వల్ల బరువు ఇంకా పెరిగేది. కెమెరాను కొనడానికి వీల్లేదు, టెక్నికలర్ దగ్గర అద్దెకు తీసుకోవాలి. కెమెరాతో పాటు వాళ్ళ మనుషులూ వస్తారు. ఏ గౌను ఏ గోడ ముందు ఉండాలో సలహా చెప్పే రంగుల పర్యవేక్షకురాలిగా నటాలీ కాల్మస్ పేరు టైటిల్స్‌లో తప్పనిసరిగా పడేది. కంపెనీకి ఒకటే భయం: చీకటి ఎక్కువైతే, పొగలా మసకగా ఉంటే రంగు సరిగా రాదు, చెడ్డపేరు తమకే వస్తుంది. అందుకని అన్నిచోట్లా సమంగా, దండిగా వెలుగు వెయ్యమనేవారు. తొలి టెక్నికలర్ సినిమాల్లో చాలా భాగం మిఠాయి దుకాణంలా మెరవడానికి కారణం అదే.

కార్డిఫ్ ఈ కెమెరాను స్టూడియోలో కంటే ముందు ఎండలో నేర్చుకున్నాడు. 1937లో వచ్చిన 'వింగ్స్ ఆఫ్ ది మార్నింగ్' బ్రిటన్‌లో తీసిన తొలి మూడు రీళ్ళ టెక్నికలర్ కథాచిత్రం. దానికి కెమెరామన్ హాలీవుడ్ నుంచి వచ్చిన రే రెనహాన్, కార్డిఫ్ ఆపరేటర్. ఆ వెంటనే 'వరల్డ్ విండో' పేరుతో దేశదేశాల మీద రంగుల లఘుచిత్రాలు తీసే అవకాశం వచ్చింది. ఆ బీరువాను మోయించుకుంటూ ఇటలీలో వెసూవియస్ అగ్నిపర్వతం మీదికి ఎక్కాడు. 1938 ప్రాంతంలో మన దేశానికీ వచ్చాడు. ఢిల్లీ మీద, దేవాలయాల మీద, గంగ మీద తీసిన ఆ చిన్న సినిమాలు ఇప్పుడు చూస్తే, వ్యాఖ్యానంలో దొరతనం వినపడుతుంది కానీ బొమ్మలో కనపడదు. మధ్యాహ్నపు ఎండలో రాతి గోడ ఏ రంగులో ఉంటుందో, సాయంత్రం అదే గోడ ఎలా మారుతుందో కార్డిఫ్ ఇక్కడే చూశాడు. కొన్నేళ్ళ తర్వాత పైన్‌వుడ్‌లో హిమాలయాన్ని కట్టినప్పుడు ఇండియా వెలుగును సొంత కళ్ళతో చూసిన కెమెరామన్ చేతిలోనే ఆ పని పడింది.

యుద్ధం వచ్చింది. ప్రభుత్వం తరఫున ప్రచార చిత్రాలు తీసే క్రౌన్ ఫిల్మ్ యూనిట్‌లో చేరాడు. ప్యాట్ జాక్సన్ దర్శకత్వంలో 'వెస్టర్న్ అప్రోచెస్' తీశారు. ఓడ మునిగిపోయాక లైఫ్‌బోటులో మిగిలిన నావికుల కథ. వృత్తి నటులు లేరు, అందరూ నిజమైన ఓడ పనివాళ్ళే. చిన్న పడవలో ఇరవైమందికి పైగా మనుషులు, వాళ్ళతో పాటు టెక్నికలర్ కెమెరా, నిజం సముద్రం. అలకి పడవ ఊగితే కెమెరా ఊగుతుంది, జనానికి వాంతులు. 1944లో విడుదలైన ఈ సినిమాకి, కార్డిఫ్ తర్వాత చేసిన 'రెడ్ షూస్'కి ఉన్నంత పేరు లేదు. చూస్తే మాత్రం ఆశ్చర్యం వేస్తుంది. మిఠాయి రంగులకి వాడే కెమెరాతో బూడిద రంగు నీళ్ళను, ఉప్పుకి తుప్పుపట్టిన ముఖాలను తీశారు. రంగు అంటే మెరుపే కాదని అప్పటికే కార్డిఫ్‌కి తెలిసిపోయిందన్నమాట.

ఈలోగా 'కర్నల్ బ్లింప్' సినిమాకి రెండో యూనిట్ పని చేస్తున్నాడు. గోడకి తగిలించిన జంతువుల తలకాయలను తియ్యాలి. వేటగాళ్ళు ఇంట్లో అలంకరణగా పెట్టుకునేవి. ఒక్కో తల వెనక గోడమీద పడే నీడలను సరిచెయ్యడం తలనొప్పి పని. కార్డిఫ్ ఓపిగ్గా సర్దుతుంటే దర్శకుడు మైఖేల్ పావెల్ వెనకనుంచి వచ్చి చూశాడు. నా తర్వాతి సినిమాకి నువ్వు కెమెరా చేస్తావా అని అడిగాడు. అలా మొదలైంది.

పావెల్, ఎమరిక్ ప్రెస్‌బర్గర్ ఇద్దరూ కలిసి నడిపిన 'ఆర్చర్స్' సంస్థలో కార్డిఫ్ పూర్తి బాధ్యతతో చేసిన మొదటి సినిమా 'ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్'. చావు తప్పించుకున్న పైలట్ తరఫున పరలోకంలో విచారణ జరుగుతుంది. ఎవరైనా స్వర్గాన్ని రంగుల్లోనూ భూమిని నలుపు తెలుపులోనూ తీస్తారు. వీళ్ళు తిరగేశారు. భూమికి రంగులు, పరలోకానికి ముత్యపు బూడిద రంగు. అది మామూలు నలుపు తెలుపు కూడా కాదు. టెక్నికలర్ కెమెరాతోనే తీసి, అచ్చులో అద్దకం పూర్తిగా వెయ్యకుండా ఆపేశారు. అందుకే పరలోకం నుంచి గులాబీ పువ్వు దగ్గరికి వచ్చేటప్పుడు రంగు మెల్లగా ఊరుతుంది, అతుకు కనపడదు. పైనుంచి దిగివచ్చిన దూత తమ లోకంలో టెక్నికలర్‌కి మొహంవాచిపోయామని చమత్కరిస్తాడు. 106 మెట్ల కదిలే మెట్లదారి, రోగి కనురెప్ప లోపలి నుంచి చూసినట్టు మూసుకునే షాట్, ఇలాంటి పెద్ద పెద్ద ఏర్పాట్లు ఈ సినిమాలో చాలా ఉన్నాయి. కానీ కార్డిఫ్ గురించి చెప్పుకునేటప్పుడు ఎక్కువగా తలుచుకునేది ఒక చిన్న ఉపాయం. సముద్రతీరం మీద పొగమంచు విడిపోతున్నట్టు షాట్ కావాలి. అతను లెన్స్ మీద నోటితో గాలి ఊదాడు. ఆవిరి పట్టింది, కాసేపటికి విడిపోయింది. షాట్ అయిపోయింది. లెక్కలు రావని ఒప్పుకున్న మనిషి పని ఇలాగే ఉండేది.

'బ్లాక్ నార్సిసస్' దగ్గరికి మళ్ళీ రావాలి. దాన్ని స్టూడియోలో తియ్యాలన్నది పావెల్ నిర్ణయం. హిమాలయాల్లో కొన్ని షాట్లు తీసి, మిగతావి పైన్‌వుడ్‌లో తీస్తే రెండూ అతకవని, అన్నీ ఒకేచోట తీస్తే వాతావరణం తన చేతిలో ఉంటుందని అతని వాదన. కెమెరామన్‌కి ఇది వరం, పరీక్ష కూడా. నిజమైన కొండ దగ్గర సూర్యుడు ఎటుంటే అటే వెలుగు. స్టూడియోలో సూర్యుణ్ణి నువ్వే పుట్టించాలి. సెట్లు వేసింది ఆల్ఫ్రెడ్ యుంగే, అద్దం మీద లోయలు గీసింది పెర్సీ డే. ఇద్దరూ తమ బొమ్మల్లో వెలుగు ఏ దిక్కు నుంచి వస్తున్నట్టు గీస్తే కార్డిఫ్ లైటు కూడా ఆ దిక్కు నుంచే రావాలి. ఒక్క నీడ ఎదురు తిరిగినా ఆట బయటపడుతుంది.

గదుల లోపల డచ్ చిత్రకారుడు వెర్మీర్ తరహాలో పక్క కిటికీ వెలుగు, శుభ్రంగా, చల్లగా. కథ ముందుకు పోయేకొద్దీ వాన్ గోగ్ వస్తాడు. నీడలు నల్లగా కాకుండా లేత ఆకుపచ్చగా మారతాయి, వెలుగులోకి ఎరుపు చేరుతుంది. చివరి భాగంలో కాథ్లీన్ బైరన్ పోషించిన సిస్టర్ రూత్ సన్యాసం వదిలేసి, ఎర్ర గౌను వేసుకుని, అద్దం ముందు కూర్చుని పెదవులకి ఎర్ర రంగు పూసుకుంటుంది. ఎదురుగా సన్యాసినుల పెద్దగా నటించిన డెబొరా కెర్ చేతిలో బైబిల్. మధ్యలో కొవ్వొత్తి. ఈ దృశ్యంలో మాటలు దాదాపు లేవు. ఏం జరగబోతోందో పెదవుల మీది రంగే చెప్పేస్తుంది. రూత్ తలుపు తెరుచుకుని తెల్లవారుజామున బయటికి వచ్చే షాట్‌లో ఆమె కళ్ళ చుట్టూ ఎరుపు, చెమట, చుట్టూ చల్లటి నీలి వెలుగు. భయానక చిత్రాలు తీసేవాళ్ళు ఈ షాట్‌ని ఇప్పటికీ చదువుకుంటున్నారు. ఆ తెల్లవారుజాము కోసం కార్డిఫ్ మంచు పట్టినట్టు కనిపించే ఫిల్టర్ వాడాడు. టెక్నికలర్ కంపెనీ కంగారుపడింది. మసకగా ఉంటే రంగు పాడైందంటారని వాళ్ళ టెన్షన్. పావెల్ కెమెరామన్ పక్షాన నిలబడ్డాడు. అలాంటి దర్శకుడు లేకపోతే కెమెరామన్‌కి ఎంత పనితనం ఉన్నా అది ల్యాబ్ గుమ్మం దాటదు.

భారతీయ ప్రేక్షకులకి ఈ సినిమాతో ఒక పేచీ ఉంటుంది, ఉండాలి కూడా. జీన్ సిమ్మన్స్ అనే ఇంగ్లీషు అమ్మాయికి ఒంటికి రంగు పులిమి కాంచీ అనే కొండజాతి పిల్లగా చూపించారు. ముఖ్యపాత్రల్లో అసలు భారతీయుడు మైసూరు ప్రాంతంలో పుట్టిన సాబు ఒక్కడే. కొండగాలి మనుషుల్ని పిచ్చివాళ్ళని చేస్తుందన్న కథలో వలస పాలకుల భయాలే ఎక్కువ. ఇదంతా నిజం. అయితే ఆ రంగులు ఆ భయాలను దాచలేదు, ఇంకా బయటపెట్టాయి. సినిమాలో కొండ చాలా అందంగా ఉంటుంది, అందుకే అక్కడ ఉండలేక తెల్లవాళ్ళు ముఖాలు తిప్పుకుని వెళ్ళిపోతారు. ఆఖర్లో వాన మొదలవుతుంది. ఆ వాన కురిసిన మూడు నెలలకి, 1947 ఆగస్టులో, నిజంగానే వెళ్ళిపోయారు. ఇది ముందే ఊహించి తీశారని అనడం అతిశయోక్తి. కానీ ఆ ఏడాది లండన్ థియేటర్‌లో కూర్చున్నవాళ్ళకి అది తోచకుండా ఉండి ఉండదు.

'ది రెడ్ షూస్' 1948లో వచ్చింది. బ్యాలే అంటే కార్డిఫ్‌కి మొదట ఇష్టం లేదు, పెద్దగా తెలియదు కూడా. పావెల్ పట్టుబట్టి పంపిస్తే వెళ్ళి ప్రదర్శనలు చూశాడు, చూసి చూసి అందులో పడిపోయాడు. సినిమా మధ్యలో దాదాపు పావుగంట పాటు మాటల్లేకుండా నడిచే బ్యాలే ఉంది. హైన్ హెక్‌రోత్ రంగస్థలాన్ని చిత్రపటంలా తీర్చితే, కార్డిఫ్ నాట్యాన్ని థియేటర్‌లో కూర్చున్నవాడు చూసినట్టు కాకుండా నాట్యం చేస్తున్న అమ్మాయి అనుభవించినట్టు తీశాడు. డాన్సర్ గాల్లోకి ఎగిరి పైకి చేరిన క్షణంలో కెమెరా వేగాన్ని మార్చేవాడు. తెరమీద చూస్తే ఆమె ఒక్క క్షణం గాల్లో ఆగినట్టు ఉంటుంది. అది ఎక్కువసేపు ఉండకూడదు, ఉంటే స్లోమోషన్ అని తెలిసిపోతుంది. పట్టుకుని వదిలెయ్యాలి. ఆ అమ్మాయిగా నటించిన మోయిరా షియరర్ నిజంగానే గొప్ప డాన్సర్ కావడం వల్ల ఈ మోసం మోసంలా కనపడలేదు.

ఆ ఏడాది ఆస్కార్లలో కళాదర్శకత్వానికి, సంగీతానికి 'రెడ్ షూస్'కి బహుమతులు వచ్చాయి. ఛాయాగ్రహణానికి నామినేషన్ కూడా లేదు. అవార్డుల చరిత్రలో ఇంత వింత మరొకటి చూపించడం కష్టం.

ఇక్కడితో పావెల్, కార్డిఫ్‌ల జంట విడిపోయింది. ఆర్చర్స్ తర్వాతి సినిమాలు అప్పటిదాకా కార్డిఫ్ దగ్గర ఆపరేటర్‌గా ఉన్న క్రిస్టఫర్ చాలిస్ చేతికి వెళ్ళాయి. కార్డిఫ్‌కి హాలీవుడ్ తలుపులు తెరుచుకున్నాయి. హిచ్‌కాక్‌తో 'అండర్ కాప్రికార్న్' చేశాడు. నిమిషాల తరబడి కట్ లేకుండా సాగే షాట్లు, గది నుంచి గదికి పోతూనే ఉండే కెమెరా. దారిలో గోడలు, బల్లలు తప్పించుకోవాలి, అయినా లైటు కుదరాలి. కష్టం చాలా, ఫలితం అంతంతమాత్రం. స్పెయిన్‌లో 'పండోరా అండ్ ది ఫ్లయింగ్ డచ్‌మన్', కాంగోలో జాన్ హ్యూస్టన్‌తో 'ది ఆఫ్రికన్ క్వీన్', రోమ్‌లో 'ది బేర్‌ఫుట్ కాంటెస్సా', 'వార్ అండ్ పీస్', ఇంగ్లండ్‌లో మార్లిన్ మన్రోతో 'ది ప్రిన్స్ అండ్ ది షోగర్ల్', నార్వేలో 'ది వైకింగ్స్'.

వీటిలో 'ఆఫ్రికన్ క్వీన్' గురించి జనం చెప్పుకునే కథలు సినిమాకంటే ఎక్కువ. యూనిట్ అంతా జ్వరాలు, విరేచనాలతో పడిపోతే, నీళ్ళ బదులు విస్కీ తాగిన హ్యూస్టన్, హంఫ్రీ బోగార్ట్ మాత్రం బాగున్నారట. కార్డిఫ్ మంచం పట్టాడు. కాంగోలో ఆ నీళ్ళలో దిగడం ప్రమాదం కాబట్టి, నటులు నీళ్ళలో ఉండే షాట్లు లండన్‌కి తిరిగొచ్చాక స్టూడియో తొట్టిలో తీశారు. మళ్ళీ అదే పని: రెండు ఖండాల వెలుగును అతికించడం. 'వార్ అండ్ పీస్'లో మంచులో తెల్లవారుజామున జరిగే ద్వంద్వయుద్ధం కూడా రోమ్‌లోని స్టూడియో ఫ్లోర్ మీదే తీశారు. తెలియనివాళ్ళు ఎవరూ కనిపెట్టలేరు. ఈ సినిమాకి ఆస్కార్ నామినేషన్ వచ్చింది.

అయినా ఈ పదేళ్ళ పనిలో ఒక తేడా కనిపిస్తుంది. సినిమాలు కార్డిఫ్ వల్ల అందంగా ఉన్నాయి, కానీ 'బ్లాక్ నార్సిసస్'లో మాదిరి అతని రంగే కథ చెప్పే పరిస్థితి లేదు. 'పండోరా' ఒక్కటి ఆ దగ్గరికి వస్తుంది. దీనికి కారణం అతని పనితనం తగ్గడం కాదు. మరో బ్రిటిష్ కెమెరామన్ ఫ్రెడ్డీ యంగ్‌కి దర్శకుడు డేవిడ్ లీన్ దొరికాడు, ఇద్దరూ కలిసి చేసిన మూడు సినిమాలకి యంగ్‌కి మూడు ఆస్కార్లు వచ్చాయి. కార్డిఫ్‌కి పావెల్ తర్వాత అలాంటి దర్శకుడు దొరకలేదు. వచ్చిన దర్శకులు పెద్దవాళ్ళే, కానీ ఒక్కొక్కరితో ఒకటో రెండో సినిమాలు. ఒకరి మనసు ఒకరికి తెలిసేలోపు షూటింగ్ అయిపోయేది. దీనికి తోడు టెక్నాలజీ మారింది. 1950ల మొదట్లో ఈస్ట్‌మన్ కంపెనీ ఒకే ఫిల్మ్‌లో మూడు రంగులూ పట్టే నెగటివ్ తెచ్చింది. మామూలు కెమెరాలో వేసుకోవచ్చు. దశాబ్దం సగానికి వచ్చేసరికి ఆ బీరువా కెమెరాలు మూలపడ్డాయి. కార్డిఫ్ ఏ యంత్రంతో కుస్తీ పట్టి పేరు తెచ్చుకున్నాడో ఆ యంత్రమే పోయింది.

దర్శకుడు కావాలన్న కోరిక అతనికి ముందునుంచీ ఉంది. 1953లో ఎర్రల్ ఫ్లిన్‌తో 'విలియం టెల్' మొదలుపెడితే డబ్బులైపోయి సగంలో ఆగిపోయింది. 1960లో 'సెంట్ ఆఫ్ మిస్టరీ' తీశాడు. సీన్‌కి తగ్గట్టు థియేటర్‌లో సీట్ల దగ్గరికి వాసనలు వదిలే సినిమా! ఆ వాసనల వ్యవహారం అక్కడితో సరి. అదే సంవత్సరం వచ్చిన 'సన్స్ అండ్ లవర్స్' మాత్రం దర్శకుడిగా అతని ఉత్తమ చిత్రం. డి.హెచ్. లారెన్స్ నవల, నాటింగ్‌హామ్ బొగ్గు గనుల నేపథ్యం. ఏడు ఆస్కార్ నామినేషన్లు, అందులో ఒకటి ఉత్తమ దర్శకుడిగా అతనికి. గెలిచింది ఒక్కటే, అదీ ఛాయాగ్రహణానికి, అదీ ఫ్రెడ్డీ ఫ్రాన్సిస్‌కి. రంగుల మాంత్రికుడని పేరుపడ్డ మనిషి నలుపు తెలుపులో సినిమా తీస్తే, అతని కెమెరామన్‌కి బహుమతి వచ్చింది. తన కెమెరామన్ పనిలో వేలు పెట్టకుండా ఉండటం కార్డిఫ్‌కి ఎంత కష్టమైందో గానీ, ఫలితం చూస్తే ఉన్నాడనే అనుకోవాలి.

1960లలో ఇంకా చాలా సినిమాలకు దర్శకత్వం వహించాడు. జాన్ ఫోర్డ్ ఆరోగ్యం బాగాలేక తప్పుకుంటే 'యంగ్ కాసిడీ'ని పూర్తిచేశాడు. మరియన్ ఫెయిత్‌ఫుల్ నటించిన 'గర్ల్ ఆన్ ఎ మోటార్‌సైకిల్'కి దర్శకత్వంతో పాటు కెమెరా కూడా తనే. 1974లో వచ్చిన 'ది మ్యుటేషన్స్' అనే భయానక చిత్రంతో ఆ దుకాణం మూతపడింది. మర్చిపోదగ్గవే ఎక్కువ.

అరవయ్యేళ్ళ వయసులో మళ్ళీ కెమెరా దగ్గరికి వచ్చాడు. దర్శకుడిగా పనిచేసినవాడు మళ్ళీ మరొకరి కింద చెయ్యడానికి చాలామందికి మనసొప్పదు. కార్డిఫ్ ఆ పట్టింపు పెట్టుకున్నట్టు లేదు. ఈజిప్టులో 'డెత్ ఆన్ ది నైల్', 'ది డాగ్స్ ఆఫ్ వార్', 'కోనన్ ది డిస్ట్రాయర్', ఆఖరికి 1985లో సిల్వెస్టర్ స్టాలోన్ 'రాంబో' రెండో భాగం. 'రెడ్ షూస్' తీసినవాడు 'రాంబో' తీశాడని వెక్కిరించే విమర్శకులు ఉన్నారు. వాళ్ళు మర్చిపోయేది ఏంటంటే కెమెరామన్ కథ ఎంచుకోడు, పిలిచినచోటికి వెళ్తాడు. డెబ్బై ఏళ్ళ మనిషి మెక్సికో అడవుల్లో పేలుళ్ళ మధ్య నిలబడి తీసిన ఆ సినిమాలో ఆకుల మధ్య నుంచి పడే ఎండని, బురదలోంచి లేచే ముఖం మీది వెలుగుని ఒకసారి చూస్తే పని ఎవరిదో తెలుస్తుంది. దానికి ముందు ఏడాది 'ది ఫార్ పెవిలియన్స్' అనే టీవీ సీరియల్ కోసం జైపూర్ వచ్చాడు. నిజం ఇండియాలో, నిజం కోటల్లో కథాచిత్రం తీసే అవకాశం అప్పటికి వచ్చింది. కానీ అతని పేరు చెప్పగానే జనానికి గుర్తొచ్చే ఇండియా మాత్రం పైన్‌వుడ్‌లో సుద్ద రంగులతో దిద్దినదే.

2001లో అకాడమీ గౌరవ ఆస్కార్ ఇచ్చింది. జీవితకాలపు పనికి ఒక కెమెరామన్‌కి ఆ గౌరవం దక్కడం అదే మొదటిసారి. అప్పటికి అతనికి 86.

చివరిగా ఆ మూడు నెగటివ్‌ల సంగతి. ఈస్ట్‌మన్ ఫిల్మ్ మీద తీసిన ఎన్నో సినిమాల రంగులు కాలక్రమంలో వెలిసి గులాబీగా మారిపోయాయి. టెక్నికలర్ నెగటివ్‌లు నలుపు తెలుపువి కాబట్టి వాటిలో వెలిసిపోవడానికి రంగే లేదు. కానీ వేరే జబ్బులు వస్తాయి. 'రెడ్ షూస్' నెగటివ్‌లకి బూజు పట్టింది. మూడూ మూడు రకాలుగా కుంచించుకుపోయి, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చోవడం లేదు. ఎర్ర బూట్ల అంచుల వెంట రంగు గీతలు వచ్చేవి. మార్టిన్ స్కోర్సీసీ స్థాపించిన ఫిల్మ్ ఫౌండేషన్, లాస్ ఏంజెలిస్‌లోని యుసిఎల్ఏ ఆర్కైవ్ కలిసి ఏళ్ళ తరబడి కూర్చుని కంప్యూటర్ మీద ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్ సరిచేశాయి. మూడు పొరలూ మళ్ళీ కలిసిన ఆ కొత్త ప్రింట్‌ని 2009 మే నెలలో కాన్ చిత్రోత్సవంలో ప్రదర్శించారు. కార్డిఫ్ పోయి అప్పటికి నెల కూడా కాలేదు.